ఆ ‘అయినా’ యెవరు పెట్టారు?

(వొక పల్లెలో జరిగిన పుస్తక పఠన సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)



నన్ను పుస్తకం గురించి మాట్లాడమన్నారు. నేను ఆ పుస్తకంలో అధ్యాయాల నెత్తిన వున్న వాక్యాల గురించే మాట్లాడతాను. యెందుకంటే పోయిన నెల మన చదువు కూటంలో గొడవ వచ్చింది పుస్తకం మీద కాదు, ఆ వాక్యాల మీద.

పుస్తకం డుబోయిస్ 1903లో రాసిన ‘ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్’. అమెరికా నల్లజనుల గురించి 14 అధ్యాయాలు. ప్రతి అధ్యాయం మొదట్లో కొన్ని పద్యపాదాలుంటాయి. బైరన్, షిల్లర్, టెన్నిసన్ - యెక్కువ మంది తెల్ల కవులే. వాటి కింద వొక వరస సంగీత స్వరాలుంటాయి. మాటల్లేవు, పేరు లేదు. అవి బానిసలు పాడుకున్న దుఃఖగీతాల ముక్కలని ముందుమాటలో చెప్పాడు. చివరి అధ్యాయానికొచ్చేసరికి తెల్ల కవి లేడు. నల్లవాళ్ళ పాటే మాటలతో సహా పైకెక్కింది.

యేడో అధ్యాయం జార్జియా రాష్ట్రంలో డోహర్టీ కౌంటీ పత్తి నేలల గురించి. 1890లో అక్కడ నల్లవాళ్ళు 10,000, తెల్లవాళ్ళు 2,000. బానిసత్వం రద్దయింది గానీ పొలం కౌలుకీ, అప్పుకీ కట్టుబడి బతుకుతున్నారు. ఆ అధ్యాయం నెత్తిన బైబిలు వుంది. పరమగీతం మొదటి అధ్యాయం, 5, 6 వచనాలు. వొక నల్లటి ఆడమనిషి యెరూషలేము ఆడపిల్లలతో మాట్లాడతా వుంటది. నన్ను అట్లా చూడబాకండి, యెండ తగిలి యిట్లా అయ్యాను, నా తల్లి కొడుకులే నా మీద కోపంతో నన్ను ద్రాక్షతోటలకి కాపలా పెట్టారు, నా సొంత తోట నేను చూసుకోలేకపోయాను అంటది.

యిది చదవగానే మన కూటంలో వొక తమ్ముడు లేచాడు. “మళ్ళా బైబిలేనా? బానిసల్ని కొట్టేటప్పుడు చదివింది యిదే గదా?” అన్నాడు. అది అబద్ధం కాదు. ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో తన కథ రాస్తా, తన యజమాని వొక అవిటి యువతిని కట్టేసి కొడతా లేఖనం వల్లించేవాడని రాశాడు. 1807లో లండన్‌లో వెస్టిండీస్ బానిసల కోసం వొక బైబిలు అచ్చేశారు. అందులో ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యం నుంచి బయటపడిన కథ తీసేశారు. యే మాట చదివితే బానిస లేస్తాడో దొరకి బాగా తెలుసు.

కాలేజీ చదివే యింకో తమ్ముడు, “నల్లవాళ్ళ పుస్తకానికి తెల్ల కవుల సర్టిఫికెట్ యెందుకు?” అన్నాడు. నాకయితే అది సర్టిఫికెట్ అనిపించలేదు. మీ గొప్ప కవి పక్కన మా అమ్మమ్మ పాటని సమానంగా కూర్చోబెడుతున్నా, చూడండి అన్నట్టుంది.

అప్పుడు మా పెద్దమ్మ మాట్లాడింది. ఆమెకి చదువు రాదు. ఆ వచనాలు మాత్రం నోటికి వచ్చు. “యిన్నేళ్ళు యిది పెళ్ళి మాట అనుకున్నారా. ద్రాక్షతోట అంటే మా దొర పొగాకు చేనే గదా. ఆ చేను నేను కాసా. మన పెరట్లో పాదు యెప్పుడన్నా తవ్వుకున్నామా?” అంది. అధ్యాయం మొత్తం ఆమెకి ఆ వొక్క మాటతో తెలిసిపోయింది.

అక్కడే వున్న చిన్నపిల్ల అడిగింది. “నాయనమ్మా, నల్లదాన్ని అయినా అందగత్తెని అని వుంది గదా. ఆ ‘అయినా’ యెందుకు?”

యెవరం మాట్లాడలేదు. నేను యింటికిపోయి వెతికాను. హీబ్రూలో అక్కడున్నది ‘వావ్’ అనే వొక్క అక్షరం. దానికి ‘మరియు’ అనీ చెప్పొచ్చు, ‘కానీ’ అనీ చెప్పొచ్చు. పాత గ్రీకు అనువాదం ‘మరియు’ అంది. లాటిన్ బైబిలు ‘కానీ’ అంది. 1611 నాటి ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిలూ ‘కానీ’ అంది. డుబోయిస్ యెత్తి రాసింది ఆ ఇంగ్లీషే. మన తెలుగు బైబిల్లోనూ ‘అయినను’ అనే వుంది. 1989లో వచ్చిన వొక ఇంగ్లీషు అనువాదం ‘నల్లదాన్ని, అందగత్తెని’ అని మార్చింది. అంటే ఆ ‘అయినా’ దేవుడు పెట్టింది కాదు, అనువాదం చేసినవాళ్ళు యెంచుకున్నది. దళితుడే అయినా తెలివైనవాడు, మాదిగ పిల్లే అయినా శుభ్రంగా వుంటది - యీ ‘అయినా’ మనకి బడిలో తెలుసు, ఆఫీసులో తెలుసు, అద్దె యింటి గుమ్మంలో తెలుసు.

లేఖనాన్ని పైన పెట్టడమంటే నెత్తిన పెట్టుకోవడం వొక్కటే కాదు. బాబాసాహెబ్ 1927 డిసెంబరు 25న మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టించారు. ఆయనే 1946లో ‘శూద్రులెవరు?’ పుస్తకంలో మొదటి అధ్యాయంలోనే పురుష సూక్తాన్ని ముందు పెట్టారు. దణ్ణం పెట్టడానికి కాదు, బోనులో నిలబెట్టి ప్రశ్నించడానికి. అదే సంవత్సరం ఆయన డుబోయిస్‌కి వుత్తరం రాశారు, ఐక్యరాజ్యసమితికి నల్లవాళ్ళు యిస్తున్న విజ్ఞాపన ప్రతి కావాలని. డుబోయిస్ జవాబిచ్చాడు. వాళ్ళిద్దరికీ వొకరి పని వొకరికి తెలుసు. తగలబెట్టడం వొక పద్ధతి, బోనెక్కించడం వొక పద్ధతి, దొర చదవని వచనం వెతికి మన చేను మీద పెట్టుకోవడం వొక పద్ధతి. అలంకారానికి పెట్టడం మాత్రం మన పని కాదు.

యిప్పుడు మన పుస్తకం సంగతి. మన పల్లె పెద్దల నోటిమాటలు రాసి అచ్చేద్దామనుకున్నాం. అధ్యాయాల ముందు బైబిలు వాక్యాలు వుండాలని కొందరు, వొద్దని కొందరు. వొద్దన్నవాళ్ళల్లో వొకాయన భయం మతం గురించి కాదు. “నా పేరు కింద వాక్యం అచ్చయితే, రేపు దాన్నే పట్టుకుని యెవడన్నా నా సర్టిఫికెట్ మీద అర్జీ పెడతాడు” అన్నాడు. ఆయన్ని పిరికివాడన్నాం. తప్పు చేశాం. 1950 రాష్ట్రపతి వుత్తర్వు యస్సీ హోదాని హిందువులకే కట్టింది. 1956లో సిక్కుల్ని కలిపారు, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్ని కలపలేదు. చర్చికి పోయినంత మాత్రాన వూళ్ళో అంటరానితనం పోలేదు, కాయితం మీద హోదా మాత్రం పోతది. వొక్క వాక్యానికి వుద్యోగం ఖరీదు కట్టింది యీ రాజ్యం.

అందుకని నేను చెప్పేది యింతే. యే అధ్యాయం యెవరి మాటో, దాని నెత్తిన యేముండాలో వాళ్ళే చెప్పాలి. వొద్దంటే వొద్దు. ఆయన దగ్గరకి పోయి, పిరికివాడన్నందుకు మనం తప్పు వొప్పుకోవాలి.

మా పెద్దమ్మని అడిగాను. తన అధ్యాయం మీద ఆ నల్లపిల్ల మాటే వెయ్యమంది. “మరి ‘అయినా’?” అన్నాను.

“అది తీసెయ్యరా. నేనెప్పుడూ అనలేదు” అంది.

జై భీమ్.