గొలుసు పట్టిన చేతులు

ఈ రోజు పట్టాలందుకుంటున్న సివిల్ ఇంజనీర్లారా,

అమెరికా తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ మీ వృత్తిలోంచి వచ్చినవాడే. 1749లో, పదిహేడేళ్ల వయసులో, వర్జీనియాలోని కల్పెపర్ కౌంటీకి సర్వేయరయ్యాడు. సైన్యాధిపత్యం, 1789లో అధ్యక్ష పదవి ఆ తర్వాతి సంగతులు. పశ్చిమాన సొంతానికీ వేల ఎకరాలు కూడబెట్టాడు లెండి.

స్వాతంత్ర్య యుద్ధం ముగిసేసరికి కొత్త దేశం చేతిలో అప్పులున్నాయి, ఎదురుగా పశ్చిమ భూములున్నాయి. అమ్మాలంటే ముందు కొలవాలి. 1785 చట్టం ఆ పద్ధతి పెట్టింది: 66 అడుగుల గంటర్ గొలుసు, భుజం ఆరు మైళ్లుండే టౌన్‌షిప్పులు, ఒక్కోదానిలో 640 ఎకరాల సెక్షన్లు 36. పదహారో సెక్షను బడికి. ఊరు పుట్టకముందే బడికి భూమి కేటాయించడం నాకిప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. ఆ గొలుసు మనకూ పరాయిది కాదు. అందులో సగం పొడవు భుజంగా చదరం గీస్తే తెలంగాణ రైతు చెప్పే గుంట వస్తుంది.

అయితే ఆ నేల ఖాళీగా లేదు. అక్కడి మయామీ, షానీ ఆదివాసీ తెగలవారు ఎదురు తిరిగారు. 1791 నవంబరులో లిటిల్ టర్టిల్, బ్లూ జాకెట్ నడిపిన యోధుల చేతిలో ఆరువందల మందికి పైగా అమెరికా సైనికులు చనిపోయారు. వాషింగ్టన్ మరో సేనను పంపాడు. 1795 గ్రీన్‌విల్ ఒప్పందంతో నేటి ఒహాయోలో అధిక భాగం చేతులు మారింది. 1803లో అధ్యక్షుడు జెఫర్సన్ ఫ్రాన్సు నుంచి లూసియానా భూభాగాన్ని కోటీ యాభై లక్షల డాలర్లకు కొన్నాడు. దేశ విస్తీర్ణం దాదాపు రెట్టింపైంది. ఆ బేరంలో అక్కడ బతుకుతున్నవాళ్లను అడిగినవాళ్లు లేరు. రేపు రీసర్వేలకు డ్రోన్లు పట్టుకుని వెళ్లే మీరు మాత్రం గట్టు మీదున్న మనిషిని అడగకుండా హద్దు రాయి పాతకండి.

ఎందుకంటారా? చెరొకీ అనే మరో ఆదివాసీ తెగ సంగతి చూడండి. వాళ్లకు సొంత లిపి ఉంది, 1827 నాటికి రాజ్యాంగం ఉంది, 1828 నుంచి పత్రిక ఉంది. జార్జియా రాష్ట్రం వాళ్ల నేలను 160 ఎకరాల ముక్కలుగా, బంగారం ఉందన్నచోట 40 ఎకరాలుగా కొలిపించి, 1832లో లాటరీ తీసింది. చెరొకీ భూభాగంలో జార్జియా చట్టాలు చెల్లవని సుప్రీంకోర్టు ఆ మార్చిలోనే తీర్పు చెప్పింది. అయినా లాటరీ ఆగలేదు. 1835లో చెరొకీల ముఖ్యనాయకుడు జాన్ రాస్ అమెరికా రాజధాని నుంచి ఇంటికొచ్చేసరికి లాటరీ తగిలినవాళ్లు అందులో కాపురం పెట్టేశారు. మూడేళ్ల తర్వాత సైన్యం మిగతావారినీ ఇళ్లలోంచి లాగి పశ్చిమానికి తోలింది. ఆ తరలింపులో సుమారు నాలుగు వేలమంది చనిపోయారని అంచనా.