ల్యాప్‌టాపు గొంతు



దూరాననున్న మనుమడు ల్యాప్‌టాపులో పలకరిస్తే మా అమ్మగారు, “గొంతు నూతిలోంచి వస్తున్నదేమిరా?” అంటారు. లోపం వాడిది కాదు. మావంటి డిజైను పనివారిది.

స్పీకరును పలికించేది గోరంత ఆంప్లిఫయరు చిప్పు. దానికి సాధారణంగా మేమిచ్చేది 5 వోల్టులు. స్పీకరు తీగలలో ఒకదానినే ఆడిస్తే, 8 ఓముల స్పీకరుకు 0.4 వాటైనా దక్కదు. అందుచేత కవ్వపు త్రాడు రెండు కొసలూ లాగినట్లు, చిప్పు రెండు తీగలనూ ఎదురెదురుగా ఆడిస్తుంది. వోల్టేజి రెట్టింపై, శక్తి నాలుగింతలౌతుంది. లెక్కకు సుమారు ఒకటిన్నర వాట్లు.

నా మొదటి బోర్డులో పాత రేడియోల అలవాటుకొద్దీ ఒక తీగను గ్రౌండుకు కలిపాను. చిప్పు వేడెక్కి మూగవోయింది. అలా కలపరాదని దానితో వచ్చిన కాగితంలోనే ఉన్నది. చదివితేగదా!

ఇక బ్యాటరీ సంగతి. ఏబీ తరగతి చిప్పు, ఎంత బాగా పనిచేసినా, తీసుకున్న శక్తిలో 78 శాతానికి మించి స్పీకరుకు చేర్చలేదు. మెల్లని మాటలప్పుడు మరీ తక్కువ. మిగిలినదంతా వేడి. డీ తరగతి చిప్పు సెకనుకు లక్షలసార్లు స్విచ్చి వేసి తీసినట్లు పనిచేస్తుంది గనుక 85 శాతం దాటడం కద్దు. కాని ఆ వేగం రేడియో అలజడి రేపుతుంది. స్పీకరు తీగలు పొట్టిగా, ఆంటెన్నాకు ఎడంగా ఉండాలి.

ఇంత చేసినా, స్పీకరు వెనుక గాలికి చోటు లేకపోతే గొంతు పీలగానే ఉంటుంది. ఆ చోటుకోసం రెండు మిల్లీమీటర్ల మందం అడిగాను. యంత్రం పలుచగా ఉండాలన్నారు, ఓడిపోయాను.

మా అమ్మగారు చెవి ఆనించి వినేది ఆ యంత్రమే.