ప్రసంగం రేపు రాద్దాం

(డిసెంబరు 17న కోడుమూరులో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన విషయం నకారా తీర్పు. దానికి వస్తాను. అంతకుముందు ఒక తప్పు ఒప్పుకోవలసి ఉంది.

కార్యదర్శి గారు నవంబరు మొదటి వారంలోనే మా ఇంటికి వచ్చి, కాఫీ తాగి, "పది నిమిషాలు మాట్లాడాలన్నా" అని చెప్పి పోయినారు. నలభై రోజుల గడువు. మొన్న పద్నాలుగో తేదీ దాకా నేను కాగితం మీద పెట్టింది "గౌరవనీయులైన" అనే ఒక్క మాట. తీరిక లేక కాదు. మన దగ్గర దండిగా ఉన్నదే తీరిక. పొద్దున హంద్రి వైపు నడక, తరువాత పేపరు, మధ్యాహ్నం కునుకు. మధ్యలో పెన్నులో సిరా నింపినాను, కళ్లద్దాలు తుడిచినాను, తెల్లకాగితాలు కొని తెచ్చినాను. రాయడం మాత్రం రేపటికి పోయేది.

సర్వీసులో నేను ఇట్లాంటివాణ్ణి కాను. టప్పాలు వస్తే మూడోనాటికి పర్సనల్ రిజిస్టరులో ఎక్కించి, ఫైలు పైకి పంపేవాణ్ణి. మరి ఇప్పుడేమైంది? రిటైరైతే సోమరితనం వస్తుందని మా అబ్బాయి అంటాడు. నాకది నిజమనిపించలేదు. ఆఫీసులో మనం డ్రాఫ్టు పెట్టేవాళ్లం. తప్పుంటే సూపరింటెండెంటు ఎర్రసిరాతో కొట్టేవాడు, ఆఫీసరు ఇంకోసారి దిద్దేవాడు, ఆ తరువాతే టైపిస్టు ఫెయిర్ కాపీ కొట్టేవాడు. మొదటి వాక్యమే సరిగ్గా రావాలని ఎవరూ అడగలేదు. అందుకే చెయ్యి ఆడేది. ఇంట్లో నాకు సూపరింటెండెంటు లేడు. ఏకంగా ఫెయిర్ కాపీ రాద్దామని కూర్చున్నాను. మీరందరూ ఏమనుకుంటారో అని భయం. ఆ భయానికే నేను తీరిక లేదని పేరు పెట్టుకున్నాను.

గొప్పవాళ్లు అప్పటికప్పుడు మాట్లాడేస్తారని మనకొక భ్రమ కూడా ఉంది. 1863 నవంబరు 19న గెటిస్‌బర్గులో అబ్రహాం లింకన్ చేసిన ప్రసంగం రైల్లో పోతూ కాగితం ముక్క మీద గీసిందని చిన్నప్పుడు మా అయ్యవారు చెప్పినారు. అది కట్టుకథ. ఆయన వాషింగ్టన్లో ఉండగానే రాయడం మొదలుపెట్టినాడు. రెండు మూడు నిమిషాల మాటకు అంత పని! ఆయనకంటే ముందు మాట్లాడినాయన రెండు గంటలు తీసుకున్నాడు లెండి. అధ్యక్షుల వారు భయపడవద్దు, నేను ఆ రెండో రకం కాదు.

పద్నాలుగో తేదీ సాయంత్రం మా ఆమె శనక్కాయలు వలుస్తూ, "నకారా అంటే ఎవరు? నాకు చెప్పు" అన్నది. చెప్పినాను. ఢిల్లీలో డి.ఎస్. నకారా అని ఒక కేంద్ర ప్రభుత్వోద్యోగి. 1972లో రిటైరైనాడు. పెన్షన్ 675 రూపాయలు, కరువు భృతితో కలిపి 935. 1979లో ప్రభుత్వం పెన్షన్ లెక్క మార్చింది. అంతకుముందు చివరి 36 నెలల సగటు జీతం మీద కడితే, కొత్త పద్ధతిలో చివరి 10 నెలల సగటు. గరిష్ఠ పరిమితి కూడా పెంచినారు. కానీ అది 1979 మార్చి 31న గానీ, ఆ తరువాత గానీ రిటైరైనవారికే అన్నారు.

"ముందురోజు దిగినోళ్ల కడుపు చిన్నదా?" అన్నది మా ఆమె.

సుప్రీంకోర్టులో వాదన సారాంశం అదే! ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ గారి అధ్యక్షతన అయిదుగురి ధర్మాసనం. తీర్పు రాసింది జస్టిస్ డి.ఎ. దేశాయ్ గారు. 1982 డిసెంబరు 17న చెప్పినారు. పెన్షనర్లంతా ఒకే తరగతి, ఒక తేదీ గీసి వాళ్లను రెండుగా చీల్చడం రాజ్యాంగం 14వ అధికరణానికి విరుద్ధం అన్నారు. పెన్షన్ దయాదాక్షిణ్యం కాదు, చేసిన సేవకు వచ్చే హక్కు అన్నారు. వెనకటి బకాయిలు మాత్రం ఇవ్వలేదు. ఆరోజు మన రాష్ట్రానికి ముఖ్యమంత్రి ఎవరో గుర్తుందా? మన లద్దగిరి కోట్ల విజయభాస్కరరెడ్డి గారు. ఈ మాట చెప్తే మా ఆమె వలిచేది ఆపి "అట్లనా!" అన్నది.

"ఇదే రాయి, ఇంకేం గావాల" అన్నది. పాత క్యాలెండరు వెనక, ఆమె అడిగిన వరుసలోనే రాసినాను. గంట పట్టలేదు. అదే ఇప్పుడు నా చేతిలో ఉంది, కొట్టివేతలతో సహా.

కార్యదర్శి గారు గంట మీద చెయ్యి పెట్టినారు. ఒక్క నిమిషం. ఇంకొక బాకీ ఉంది.

రెండేళ్ల కిందట, నా పక్క సీటులో ఇరవై రెండేళ్లు పనిచేసిన మిత్రుడు పోయినాడు. సంతాపసభలో మాట్లాడమని నాలుగు రోజుల ముందే చెప్పినారు. గొప్పగా రాయాలని రేపు రేపు అంటూ ఏమీ రాయలేదు. మైకు ముందు నిలబడి "మంచి మనిషి, కష్టజీవి, తీరని లోటు" అని దిగిపోయినాను. వదినమ్మ ముందు వరుసలో నా మొహం చూస్తా కూర్చుని ఉంది. ఈరోజు కూడా వచ్చింది.

వదినమ్మా, ఆరోజు చెప్పవలసింది ఇది. మా ఆఫీసు అటెండరు ఒకాయన సర్వీసులోనే పోయినాడు. భార్యకు ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు యాడనో ఆగిపోయినాయి. ఆ పని మన ఆయన సీటుది కాదు. అయినా సొంత చార్జీలతో ఏడుసార్లు కర్నూలుకు తిరిగినాడు. మీతో ఆఫీసు పని అని చెప్పేవాడు. ఏడోసారి ఆర్డరు తెచ్చి ఆమె చేతిలో పెట్టి, బస్సు చార్జీకి చేసిన అప్పు జీతం రోజున నాకు తిరిగిచ్చినాడు.