పెసరగింజ చెప్పే పాఠం



మనవలకు మొక్క జీవితచక్రం నేర్పడానికి పుస్తకమే అక్కర్లేదు. వంటింట్లోని గుప్పెడు పెసలు చాలు. రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, మొలకలు రాగానే ఎండ తగిలే కుండీలో పిల్లల చేతనే అంగుళం లోతున పెట్టించండి. నీళ్లూ వాళ్లనే పోయనివ్వండి.

మట్టిని చీల్చుకొని పైకి వచ్చిన పప్పుబద్దలు రెండూ మొక్కకు తిండి పెట్టి, ఆకులు నిలదొక్కుకున్నాక వాడి రాలిపోతాయి. అది తప్పక చూపించండి. నెల దాటాక పసుపు పూత, ఆపైన కాయలు. 60, 70 రోజులకు కాయలు నల్లబడతాయి, మొక్క ఎండుతుంది.

"చచ్చిపోయిందా తాతయ్యా?" అని అడిగితే మాట దాటవేయకండి. అవునని చెప్పి, కాయ ఒలిపించి, గింజలు లెక్కపెట్టించి, నాలుగు మళ్లీ నాటించండి. ఈ వయసులో ఆ జవాబు మనకూ అవసరమే.