ఛాయాచిత్రంలో చోటు దక్కని విజేత



ఒక క్రీడాకారుని పేరును హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చడం సన్మానం మాత్రమే కాదు. తన జ్ఞాపకంలో ఎవరికి చోటివ్వాలో ఒక సమాజం చేసే నిర్ణయం. అమెరికా దూరపు పరుగు వీరుడు బిల్లీ మిల్స్ జీవితం ఆధారంగా ఈ విషయాన్ని మీ ముందుంచదలిచాము.

ఒగ్లాలా లకోటా ఆదివాసీ తెగకు చెందిన మిల్స్ 1938లో సౌత్ డకోటాలోని పైన్ రిడ్జ్‌లో జన్మించారు. పన్నెండేళ్లకే తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయారు. కాన్సాస్ విశ్వవిద్యాలయ విద్యార్థిగా క్రాస్ కంట్రీ పరుగులో దేశంలోని అత్యుత్తముల సరసన నిలిచారు. అయితే ఒక జాతీయ పోటీ అనంతరం విజేతలందరూ ఛాయాచిత్రానికి నిలబడగా, నల్లని మేనిఛాయ గల తనను పక్కకు తప్పుకోమన్నారని ఆయనే తరువాత పలు వేదికలపై చెప్పారు. ఆనాటి అవమానాలు తనను ఆత్మహత్య అంచుదాకా నెట్టాయని కూడా వెల్లడించారు.

1964 టోక్యో ఒలింపిక్స్. 10,000 మీటర్ల పరుగు. చివరి చుట్టులో తోపులాటకు గురై వెనుకబడిన మిల్స్, ఆఖరి మీటర్లలో ఆస్ట్రేలియా వీరుడు రాన్ క్లార్క్‌ను, ట్యునీషియా వీరుడు మొహమ్మద్ గమ్మౌదీని దాటి స్వర్ణం సాధించారు. సమయం 28 నిమిషాల 24.4 సెకన్లు, అది ఒలింపిక్ రికార్డు. ఆ పరుగులో స్వర్ణం గెలిచిన అమెరికన్ నేటికీ ఆయనొక్కరే.

1976లో జాతీయ ట్రాక్ అండ్ ఫీల్డ్ హాల్ ఆఫ్ ఫేమ్, 1984లో ఒలింపిక్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనను గౌరవించాయి. ఆ గౌరవాన్ని మేము మనసారా ఆహ్వానిస్తున్నాము. కానీ ఒక ప్రశ్న మిగిలే ఉంది. టోక్యోలో ఆయన మూడవ స్థానంలోనే నిలిచిపోయి ఉంటే, కళాశాల ఛాయాచిత్రంలో ఆయనకు చోటు లేకపోవడం న్యాయమయ్యేదా? ఆ చోటును ఆయన అప్పటికే పరుగెత్తి సంపాదించుకున్నారు. హక్కుకు బంగారు పతకం షరతు కారాదు.

మిల్స్ ఆ కీర్తితో తృప్తిపడలేదు. 1986లో ఆదివాసీ యువత కోసం ఒక సేవాసంస్థ స్థాపనలో పాలుపంచుకుని, తన వారి మధ్యకు తిరిగి వెళ్లారు.

మనం కూడా మన విజేతలకు శాలువాలు కప్పుదాం. అంతకుముందు మన కళాశాలల జట్ల ఎంపిక జాబితాలను ఒకసారి తెరిచి చూద్దాం. అర్హత ఉండీ అందులో లేని పిల్లల పక్షాన నేడే అడుగుదాం. వారు పతకం తెచ్చేదాకా వేచి ఉండవద్దు.