గోడ పలుకును, గొయ్యి పలుకదు



చూపు లేనివారికి వినికిడి రెండింతలని మనమందుము. ఇందు సగమే నిజము.

ధ్వని ఒక చెవికి ముందుగను, రెండవదానికి సెకనులో వెయ్యవ వంతైన గడువకమునుపే చేరును. ఆ తేడా దిక్కు తెలియుటకు తోడ్పడును. పుట్టుగ్రుడ్డులలో పలువురు ప్రక్కనుండి వచ్చు ధ్వనిని చూపున్నవారికంటె చక్కగా గుర్తింతురు. కాని ధ్వని యెంత యెత్తుననున్నదో చెప్పుటలో పలువురు తడబడుదురు. ఆ కొలతను చెవికి నేర్పుటలో కంటికి పాత్ర కలదు.

1944లో ప్రచురింపబడిన, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు పరీక్షలలో అంధులు, గోడకు తగిలి మరలివచ్చు తమ యడుగుల చప్పుడు విని, గోడ ముందు ఆగిరి. చెవులు మూయగా గోడను ఢీకొనిరి.

గోడ పలుకును, గొయ్యి పలుకదు. కావున మా మనవి యిది: నేలబావులకు పిట్టగోడ కట్టింపుడు. వీధి గోతులు పూడ్పింపుడు. లౌడుస్పీకర్ల హోరు తగ్గింపుడు. ఆ హోరులో అంధునికి దారి మూసికొనిపోవును.