ఆకాశమునుండి అడవిని చదువుట

పంజాగుట్ట నుండి అమీరుపేట వైపు నడచువారికి దారి పొడుగునను కంప్యూటరు శిక్షణాలయముల పలకలు కనబడును. పట్టా చేతబట్టి అచ్చటికి చేరు యువజనులలో చెట్టుచేమలపై మక్కువ గలవారును కొందరుందురు. వృక్షశాస్త్రము చదివినచో అన్నము పుట్టునా యని వారి తల్లిదండ్రులు మమ్ము అడుగుదురు. పుట్టును, కాని కాళ్లరుగవలెను. ఇదియే మా సమాధానము.

ఆకులోని పత్రహరితము ఎర్రని వెలుగును పీల్చుకొనును. కంటికి కానరాని సమీప పరారుణ కాంతిని ఆకు మిక్కుటముగా వెనుకకు పంపును. ఎనిమిది వందల కిలోమీటర్లకు పైనుండి ఉపగ్రహము ఈ రెంటి భేదమును కొలిచి, పచ్చదనమెంత దట్టమో తెలుపును. ఆ కొలతలు షాద్‌నగరున దిగును. 2008లో ఇస్రోలో చేరిన బాలానగరులోని జాతీయ రిమోట్ సెన్సింగు కేంద్రము వానిని పటములుగా మార్చును.

ఈ కేంద్రము పూర్వరూపమైన ఏజెన్సీ 1972-75 నాటి చిత్రములను 1980-82 నాటివానితో పోల్చి, దేశ విస్తీర్ణములో అడవి 16.89 శాతము నుండి 14.10 శాతమునకు తగ్గినదని తేల్చెను. భారత అటవీ సర్వేక్షణ సంస్థయో, 1981-83 నాటి చిత్రములను బట్టి 19 శాతమునకు పైగా గలదని 1987లో ప్రకటించెను. ఇరువురును చూచినవి లాండ్‌శాట్ చిత్రములే. చదివిన తీరు వేరు. ఇది అడవి, ఇది కాదు అని గీత గీయువాడు మనుష్యుడే గదా!

నల్లమలను వేసవిలో చూచినచో ఆకురాల్చిన టేకు, నల్లమద్ది వనము బీడువలె తోచును. మామిడితోట అడవివలె తోచును. కావుననే పి.ఎస్. రాయ్ మొదలగువారు 2015లో దేశ వృక్షసంపద పటమును వెలువరించుటకు ముందు, పదిహేను వేలకు పైగా తావులలో నేలమీద పరిశీలన జరిగినది. ఆ పటమున 100 వృక్షజాతి సముదాయములు గలవు. దానికి వాడిన చిత్రములలో ఒక్కొక్క గడి సుమారు 23.5 మీటర్ల చదరము. పంజాగుట్ట వీధిలోని వేపచెట్టు అందులో మేడలతో కలిసిపోవును.

కంప్యూటరుపై పటము గీయుట కొన్ని నెలలలో అలవడును. దేహరాదూనులో 1966లో నెలకొన్న సంస్థయు ఈ విద్య గరపుచున్నది. బెరడు తడవి చెట్టు పేరు చెప్పుటకు మాత్రము ఏండ్లు పట్టును. రెండును తెలిసినవాడు గీసిన గీతనే నమ్మదగును. ఆ గీతను బట్టియే అడవికి రక్షణ.

కాబట్టి మీ బిడ్డ అమీరుపేటకు పోయి కంప్యూటరు నేర్చెదననిన వలదనకుడు. సెలవులకు అడవిదారి పట్టెదననినను వలదనకుడు.